పాము తిన్నదానిని ఏల క్రక్కును?

గడచిన శీతకాలమున అమెరికాదేశమునుండి నాకొక ఈమెయిలు వచ్చినది. వ్రాసినది పూర్వము వరంగల్లులో నాయొద్ద జీవశాస్త్రము చదువుకొన్న విద్యార్థిని. ఆ దేశమున పిల్లలు కుక్కను, పిల్లిని పెంచినట్లే విషములేని చిన్నపాములను గాజుపెట్టెలలో పెంచుట కలదు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది కార్న్‌స్నేక్ అను ఎఱ్ఱని పొడల పాము. ఆ జాతి పాముపిల్ల యొకటి ఆమె కుమారుని యింటికి వచ్చి రెండు వారములైనదట. అది ఒకనాడు ఎలుకపిల్లను మ్రింగి, మఱునాడు దానిని ఉన్నదున్నట్లే క్రక్కివేసెను. "మాస్టారుగారూ, మావాడు అన్నము ముట్టుట లేదు. పాముపిల్ల ఆకలితో నున్నదనియు, ఇంకొక ఎలుకపిల్లను పెట్టవలయుననియు ఏడ్చుచున్నాడు. పెట్టనిమ్మందురా?" అని ఆమె ప్రశ్న.

"పెట్టనీయవలదు" అని వెంటనే ప్రత్యుత్తరమిచ్చితిని. అంత త్వరపడుటకు కారణము లేకపోలేదు.

నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో, ఒక వర్షాకాలమున, బడితోటలో మూరెడైనను లేని జెఱ్ఱిపోతు పిల్ల దొరకినది. పిల్లలకు చూపవచ్చునని దానిని గాజుసీసాలో నుంచి, చిన్నకప్పను ఆహారముగా నిచ్చితిని. అది మ్రింగినది. తరగతియంతయు వరుసగా నిలిచి, ఒకరి తరువాత నొకరు దానిని చేతబట్టి చూచిరి. మఱునాటి యుదయమున కప్ప సీసా అడుగున పడియుండెను. అయ్యో, ఆకలిగొనియున్నదని తలచి ఆ సాయంకాలమే మఱియొక కప్పను పెట్టితిని. దానిని కూడ మ్రింగినది, దానిని కూడ క్రక్కినది. నాలుగవనాటికి చచ్చిపోయినది. నాది జాలియే గాని, దానిని చంపినదియు ఆ జాలియే. అడవిపామును పట్టి యుంచుట చట్టవిరుద్ధమను తలంపుకూడ నాకప్పుడు లేకుండెను.

పాము భోజనము మన భోజనమువంటిది కాదు. దానికి నమలు పండ్లు లేవు. ఎరను ముక్కలు చేయజాలదు. క్రిందిదవుడ యొక్క రెండు భాగములు ముందువైపున ఎముకతో నతుకబడక, సాగునట్టి బంధముతో మాత్రమే కూడియుండుటచే, తన తలకంటె పెద్దదగు ఎరను సయితము మెల్లమెల్లగా లోపలికి లాగుకొనును. ఆ సమయమున ఊపిరియాడుటకై శ్వాసద్వారమును నోటి ముందుభాగమునకు చాచును. ఇదంతయు మీలో పలువురు పాఠ్యపుస్తకములలో చదివినదే. కాని అసలు పని మ్రింగిన తరువాత ఆరంభమగును.

బర్మా కొండచిలువలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు చూపినదేమనగా, ఉపవాసమున నున్న పాము జఠరములో ఆమ్లము దాదాపుగా నుండదు. అన్ని దినములు రసములను ఊరించుచు కూర్చుండుట దానికి దండుగ. ఎర లోనికి పోయిన పిమ్మట, ఒక్క దినములో జఠరరసము నిమ్మరసమును మించిన పులుపు నొందును. చిన్నప్రేగు బరువు సుమారు రెండింతలగును. 1 గాదు 2 గాదు, 48 గంటలలో గుండె నూటికి 40 పాళ్లవఱకు పెరుగునని 2005వ సంవత్సరమున ప్రకటింపబడినది. అనగా పాము ఆహారమునుండి బలము పొందకమునుపే, తన దేహమున దాచుకొన్న బలమును దానిపై పెట్టుబడిగా పెట్టుచున్నది. తిన్నది క్రక్కినచో పెట్టుబడియంతయు పోవును. దానితో కూడ నీరును, జఠరరసములును పోవును. గొంతుక ఒరసికొని మంటయెత్తును. అట్టి స్థితిలో మఱల భోజనము పెట్టుట, నష్టపోయిన వ్యాపారిచేత ఆ దినముననే ఇంకొక దుకాణము తెఱపించుటవంటిది.

ఇక ఏల క్రక్కును? మొదటి కారణము భయము. కడుపు నిండిన పాము వేగముగా ప్రాకజాలదు. శత్రువు సమీపించినప్పుడు ఎరను విడచి, దేహమును తేలిక చేసికొని పారిపోవును. మన పాకాల, ఏటూరునాగారము అడవుల ప్రక్కనున్న పల్లెలవారికి ఇది తెలియని సంగతి కాదు. మేకపిల్లను మ్రింగి పొలముగట్టున కదలలేక పడియున్న కొండచిలువచుట్టు జనులు మూగి, కఱ్ఱలతో పొడిచి, కేకలు వేయగా, అది తిన్నదానిని క్రక్కును. "మేకను తిరిగి యిచ్చివేసినది" అని నవ్వుదురు. ఆ మేకపిల్ల ఇక బ్రదుకదు. పామునకును ఎన్నియో దినముల ఆహారము పోయినది. ఎవరికిని లాభము లేని బేరము. ఈ కొండచిలువనే విశాఖపట్టణమున నివసించిన ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండుదేశపు వైద్యుడు 1796లో అచ్చయిన తన సర్పగ్రంథములో "పెద్దపొడ" యని మన తెలుగుపేరుతోనే వ్రాసెను. జెఱ్ఱిపోతు పేరుకూడ అందున్నది.

రెండవ కారణము చలి. పాము తన వేడిమిని తాను పుట్టించుకొనజాలదు. ఎండనుండియు, నేలనుండియు తెచ్చుకొనవలసినదే. కార్న్‌స్నేక్‌వంటి పామునకు పెట్టెలో ఒక వైపున 28 మొదలు 31 డిగ్రీల వేడిమియు, రెండవ వైపున కొంత చల్లదనమును ఉండవలయును. వేడి చాలనిచో జఠరము పనిచేయదు. ఎర అఱుగుటకు ముందే కుళ్లుట ఆరంభించును. పాము దానిని వెడలగ్రక్కక తప్పదు. మితిమీరిన వేడిమియు కీడే. ఎర మిక్కిలి పెద్దదైనను, నీరు చాలకున్నను, దాగుకొనుటకు చోటు లేకున్నను ఇట్లే జరుగును.

ఆమెను మఱల ప్రశ్నింపగా సంగతి బయటపడినది. పెట్టె క్రింది వేడిచాప తీగ ఊడియుండెను. వెలుపల మంచు కురియుచుండెను. అదిగాక, పాము తిన్న గంటకే బాలుడు దానిని తీసికొని స్నేహితులకు చూపెనట. నా తరగతి జ్ఞాపకమునకు వచ్చినది.

నేను వ్రాసి పంపిన విధానమిది. క్రక్కినదానిని తీసివేసి పెట్టెను కడుగవలయును. పాములదేహమున సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును గనుక చేతులను సబ్బుతో కడుగుకొనవలయును. మంచినీరు ఎల్లప్పుడు నుంచవలయును. వేడిమిని ఉష్ణమాపకముతో కొలువవలయునే గాని చేతితో తాకి చూచిన చాలదు. తరువాత పది మొదలు పదునాలుగు దినములవఱకు ఆహారము పెట్టరాదు, చేతబట్టరాదు. ఇది తల్లిదండ్రులకు సయితము కష్టమే. కాని ఆరోగ్యముగానున్న పాముపిల్ల ఆ యుపవాసమును ఓర్చుకొనును. పిమ్మట పూర్వమిచ్చినదానిలో సగమైనను లేని ఎరను ఇచ్చి, కనీసము రెండు దినములు దానిజోలికి పోరాదు. అదియు నిలువకున్నచో ఇంటివైద్యము మానవలయును. దినములు గడచిన పిదప సగము కరగి దుర్గంధముతో వెడలివచ్చుట, మాటిమాటికి క్రక్కుట, చిక్కిపోవుట రోగలక్షణములు. పరాన్నజీవులు కాని, క్రిప్టోస్పోరిడియమ్ అను సూక్ష్మజీవి కాని కారణమై యుండవచ్చును. పశువైద్యుడు పరీక్షింపవలసినదే.

ఇది చదివి మన విద్యార్థులెవరైన పాముపిల్లకొఱకు తోటలో వెదుకుదురేమో! 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన అడవిపాములను అనుమతిలేక పట్టుటయు, పెంచుటయు నేరము. పాములవాని బుట్టలోని నాగుపామునకు నాగులపంచమినాడు పాలు పోయుటయు దయగా తోచును; కాని పాలు పాము ఆహారము కాదు. దినములతరబడి నీరు లేక ఎండిన పాము దాహమునకు త్రాగును. అది అఱుగదు, ఊపిరితిత్తులలోనికి కూడ పోవచ్చును. కడుపు నిండిన పాము ఇంటిదగ్గఱ కనబడినచో దూరముగా నిలిచి, పిల్లలను ప్రక్కకు తొలగించి, అటవీశాఖవారికి తెలుపుడు. అది విషముగలదో కాదో తేల్చుట మీపని కాదు.

ఆ బాలుని సంగతి చెప్పి ముగించెదను. పదునాలుగవనాడు వ్రేలికొనయంత ఎలుకపిల్లను పెట్టిరి. పాముపిల్ల మ్రింగినది. బాలుడు పెట్టెపై పలుచని దుప్పటి కప్పి, మూడు దినములు ఆ గదిలోనికి ఎవరిని రానీయలేదట. అయిదవనాడు పెట్టెమూలను గోరంత మలము కనబడినది. ఆ వార్తను అతడే స్వయముగా, తల్లి నేర్పిన తెలుగులో, మూడు తప్పులతో నాకు వ్రాసెను.