తొలి పోటీ తరువాత

పాఠ్యాంశ ఉద్దేశం

జట్టు క్రీడల్లో తొలి పోటీ ముగిసిన వెంటనే ఆటగాళ్లపై తీర్పులు వెలువడతాయి. ఆ తీర్పు ఎప్పుడు న్యాయమైనదవుతుందో, ఎప్పుడు జట్టుకు మేలు చేస్తుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. గుంటూరు, ప్రకాశం ప్రాంతపు వ్యవసాయానుభవం, భారత ఫుట్‌బాల్ చరిత్రలోని రెండు పరాజయాలు ఇందుకు ఆధారాలు.

పాఠం

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మాఘమాసం వచ్చేసరికి మిరప కల్లాలన్నీ ఎర్రబారతాయి. కోసి తెచ్చిన కాయలను ఎండలో పరుస్తారు. అవి ఎండిన తరువాత కూలి స్త్రీలు వరుసగా కూర్చుని తాలుకాయలను ఏరివేస్తారు. రంగు తేలిన కాయ ఒక రాశి. వెలిసిపోయిన కాయ మరొక రాశి. ఈ పని జరగనిదే సరుకు గుంటూరు మిర్చియార్డుకు చేరినా తగిన ధర పలకదు. అయితే అనుభవం గల రైతు తాలు ఏరించడంతోనే ఊరుకోడు. ఆ తాలు ఎందుకు వచ్చిందని ఆలోచిస్తాడు. తడి పెట్టడం ఆలస్యమైందా? కాయకుళ్లు తెగులు సోకిందా? కల్లంలో మంచుకు తడిసిందా? ఆ ప్రశ్నలకు దొరికిన సమాధానమే తరువాతి కోతను కాపాడుతుంది. మిరపతోట ఒక్క కోతతో ముగిసేది కాదు; పత్తిచేను ఒక్క తీతతో ముగిసేది కాదు. తొలి కోత రైతుకు ఒక సమాచారం మాత్రమే. అది పంట మొత్తం మీద తీర్పు కాదు.

కళాశాల జట్టు ఆడే తొలి పోటీ కూడా ఇటువంటిదే. క్రీడల కాలం ఆరంభంలో ఒక కళాశాల ఫుట్‌బాల్ జట్టు రెండు గోల్స్ తేడాతో ఓడిందని ఊహించవచ్చు. ఆట ముగిసిన గంటలోపే తిరుగు ప్రయాణపు బస్సులోను, వసతిగృహంలోను, టీ కొట్టు దగ్గర తీర్పులు సిద్ధమవుతాయి. ఓటమికి గోల్ కీపరే కారణమని ఒకరంటారు. ముందు వరుసవారికి కాళ్లే ఆడలేదని మరొకరంటారు. అపరిచితుడు ఓడితే ‘ఆడలేక మద్దెల ఓడు’ అని ఎద్దేవా చేసే నాలుకే, స్నేహితుడు ఓడినప్పుడు మైదానం బాగాలేదంటూ ఆ మద్దెలనే నిందిస్తుంది.

ఇటువంటి తీర్పుల్లో సాధారణంగా మూడు దోషాలు కనిపిస్తాయి.

మొదటిది, కంటికి కొట్టవచ్చినట్లు కనిపించినదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవడం. గోల్ చేసినవాడు, గోల్ వదిలినవాడు అందరికీ గుర్తుంటారు. ఆ గోల్‌కు ముందు మధ్య శ్రేణిలో బంతిని పోగొట్టుకున్నది ఎవరో, ప్రత్యర్థిని వెంబడించకుండా నిలబడిపోయినది ఎవరో గుర్తుండదు. గోల్ కీపర్ చేతుల్లోంచి జారిన బంతి అప్పటికే నలుగురి కాళ్లను దాటి వచ్చి ఉంటుంది.

రెండవది, ఆనాటి ఆటకు బదులు పాత పేరును తూచడం. నిరుడు కప్పు తెచ్చినవాడు ఈసారి నిలబడి చూసినా అతని పేరే వినిపిస్తుంది. కొత్తగా చేరిన మొదటి సంవత్సరం విద్యార్థి ఆట ఆసాంతం పరుగెత్తినా అతని ఊసే ఉండదు. ‘తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు’ అన్న పట్టుదల వాదనకు పనికివస్తుందేమో గాని, జట్టు ఎంపికకు పనికిరాదు.

మూడవది, పరిస్థితులను మరచిపోవడం. ఈ ప్రాంతంలోని చాలా ఆటస్థలాలది నల్లరేగడి నేల. వాన పడితే అది బంకగా మారి కాలిని పట్టేస్తుంది. ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అటువంటి నేల మీద బంతిని నేలబారుగా అందించి గురి తప్పిన ఆటగాడినీ, పచ్చిక మైదానంలో గురి తప్పిన ఆటగాడినీ ఒకే తూకపురాయితో తూచడం న్యాయం కాదు. అలాగని పరిస్థితులనే సాకుగా చూపడమూ తగదు. బురదలో బంతిని కొంచెం లేపి కొట్టాలని గ్రహించినవాడు, గ్రహించనివాడు ఇద్దరూ అదే నేల మీద ఆడారన్నది మరువరాదు.

ఓటమిని సరిగా చదవగలిగితే అది ఎంత దూరం తీసుకువెళ్తుందో తెలుగునేల మీద పుట్టిన ఒక ఉపాధ్యాయుని జీవితం నిరూపించింది. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాదులో జన్మించిన ఆయన మొదట పాఠశాల ఉపాధ్యాయుడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణనిచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకుంది. భారత జట్టు శిక్షకుడుగా కూడా ఆయన 1951లో న్యూఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణపతకాన్ని చూశారు.

ఆ మరుసటి ఏడే గట్టి దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు తన తొలి పోటీలోనే యుగోస్లావియా చేతిలో ఒకటికి పది గోల్స్‌తో పరాజయం పాలైంది. అంతటి ఓటమి తరువాత పదకొండుమందినీ అసమర్థులని తీసిపారేయడం సులభం. కాని ఆ జట్టులో పలువురు బూట్లు లేకుండా, వట్టికాళ్లతో ఆడారు. లోపం కాళ్లలో ఎంత ఉందో, ఆ కాళ్లను సిద్ధం చేసిన పద్ధతిలోనూ అంత ఉంది. ఆ తరువాత భారత ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీమ్ శిక్షణలోని భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోల్స్‌తో ఓడించి సెమీఫైనల్ చేరింది. చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే.

రెండవ ఘట్టం 1962 నాటిది. జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 0-2 గోల్స్‌తో ఓడింది. చుని గోస్వామి నాయకత్వం వహించిన ఆ జట్టులో పి.కె. బెనర్జీ, సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరామ్, హైదరాబాదుకు చెందిన యూసుఫ్ ఖాన్ వంటి ఆటగాళ్లున్నారు. వారి పేర్లు చూసి జట్టును గొప్పదనుకున్నవారు ఆ ఒక్క ఫలితం చూసి పనికిరానిదనుకోవడానికి అవకాశం ఉంది. రహీమ్ ఆ రెండు దారులూ పట్టలేదు. తన ప్రధాన ఆటగాళ్లను నమ్మారు. అవసరమైన చోట మార్చారు. తరువాతి పోటీల్లో భారత్ థాయిలాండ్‌ను 4-1, జపాన్‌ను 2-0 గోల్స్‌తో ఓడించింది.

థాయిలాండ్‌తో ఆడేటప్పుడు రక్షణ వరుసకు మూలస్తంభం వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతన్ని యథాస్థానంలో ఆడించడమా, పక్కన కూర్చోబెట్టడమా అన్న రెండు మార్గాలే సాధారణంగా తోస్తాయి. రహీమ్ మూడవ మార్గాన్ని కనుగొన్నారు. సెమీఫైనల్‌లోను, ఫైనల్‌లోను జర్నైల్‌ను ముందు వరుసలో ఆడించారు. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనల్‌లో 3-2 తేడాతో భారత్ గెలిచింది. ఆ గోల్స్‌లో ఒకటి జర్నైల్‌ది.

1962 సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ఎదురైనది మళ్లీ దక్షిణ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఆతిథ్య దేశం రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి ఒకరు ఆక్షేపించినందున స్టేడియంలోని ప్రేక్షకులు భారత జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. ఆ హోరులోనే 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. కొరియా చివరలో ఒక గోల్ మాత్రమే చేయగలిగింది. తొలి పోటీలో తమను ఓడించిన జట్టునే 2-1 తేడాతో ఓడించి భారత్ స్వర్ణం గెలుచుకుంది. మరుసటి సంవత్సరం జూన్ 11న రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఈ రెండు ఘట్టాల నుంచి కళాశాల జట్లు నేర్చుకోవలసినది ఉంది. ఆటగాడిని అంచనా వేసేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ‘అతడు ఎంత గొప్పవాడు?’ అన్నది కాదు. ‘అతనికి అప్పగించిన పని ఏమిటి, అందులో ఎంత జరిగింది?’ అన్నది. గోల్ కీపర్ విషయంలో వదిలిన గోల్స్ ఎన్నో చూసినట్లే, ఆపినవి ఎన్నో, బంతి వచ్చినప్పుడు అతడు నిలుచున్న చోటు సరైనదో కాదో చూడాలి. రక్షణ ఆటగాడు ప్రత్యర్థిని ఎన్నిసార్లు పడగొట్టాడన్నది గొప్ప కాదు. దారి ఇవ్వకుండా ఎన్నిసార్లు నిలువరించాడన్నది గొప్ప. మధ్య శ్రేణివాడు అందించిన బంతుల్లో సహచరులకు చేరినవెన్నో లెక్కించాలి. ముందు వరుసవాడు బంతి తన దగ్గర లేనప్పుడు ఖాళీ చోటులోకి కదిలాడా, లేక బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడా అన్నది గమనించాలి. జ్ఞాపకం మీద ఆధారపడక, ఆట సాగుతుండగానే ఒకరు వీటిని కాగితం మీద గుర్తించడం మేలు.

చెప్పే తీరు కూడా అంచనాలో భాగమే. పదిహేడేళ్ల విద్యార్థిని పదిమంది ముందు ‘నీవు పనికిరావు’ అంటే అతడు దిద్దుకోవలసిన లోపమేదో తెలియదు. మైదానం వదిలి వెళ్లే దారి మాత్రం తెలుస్తుంది. అలా వెళ్లినవాడు తిరిగి రాకపోవచ్చు. ‘ఎడమకాలితో అందించిన బంతులు గురి తప్పుతున్నాయి’ అంటే అతనికి రేపటి సాధన ఏమిటో తెలుస్తుంది. రహీమ్ బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను ఏర్పాటు చేసేవారు. లోపాన్ని వేలెత్తి చూపడం కన్నా దానికి పని కల్పించడం ఉత్తమమని ఆ పద్ధతి చెబుతుంది. గెలిచిన జట్టుకూ ఈ పరిశీలన అవసరమే. ఓటమి లోపాలను బయట పెడుతుంది. గెలుపు వాటిని కప్పి ఉంచుతుంది.

కల్లంలో ఏరిన తాలుకాయను సైతం రైతు పారవేయడు. దానికి తగిన ధరకు అమ్ముతాడు. తోటను మాత్రం తరువాతి కోతకు సిద్ధం చేస్తాడు. తొలి పోటీ తరువాత జట్టు చేయవలసిన పని కూడా అదే. రెండవ పోటీలోగా ఎవరు ఏమి దిద్దుకోవాలో తేల్చి చెప్పగలిగిన అంచనాయే నిజమైన అంచనా.

కఠిన పదాలు – అర్థాలు

కల్లం : పంటను ఆరబెట్టి, శుభ్రపరచే చోటు
తాలు : రంగు, సత్తువ లేని కాయ
తడి : పైరుకు పెట్టే నీరు
తీత : చేనులో పత్తిని ఏరి తీయడం
ఎద్దేవా : పరిహాసం
నెర్రె : నేలలో ఏర్పడే పగులు
ఆసాంతం : చివరివరకు
నిలువరించు : అడ్డగించు, ఆపు

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఆటగాళ్లపై వెలువడే తొందరపాటు తీర్పుల్లోని దోషాలను వివరించండి.
2. 1952, 1962 నాటి పరాజయాల తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఎలా పుంజుకుందో రాయండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. తొలి కోతకు, తొలి పోటీకి గల పోలికను తెలపండి.
2. జర్నైల్ సింగ్ విషయంలో రహీమ్ తీసుకున్న నిర్ణయం ఏమిటి?
3. ‘చెప్పే తీరు కూడా అంచనాలో భాగమే’ – సమర్థించండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరుసగా ఐదుసార్లు గెలిచిన కప్పు ఏది?
2. 1962 ఆసియా క్రీడలు ఎక్కడ జరిగాయి?
3. హెల్సింకీలో భారత జట్టును ఓడించిన దేశం ఏది?

IV. భాషాభ్యాసం
‘ఆడలేక మద్దెల ఓడు’, ‘తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు’ అనే సామెతలను ఉపయోగించి సొంత వాక్యాలు రాయండి.