చూపించడమే ఉద్యోగం: జూ ఎడ్యుకేటర్‌గా కెరీర్

సూరత్‌లో కామ్రేజ్ వెళ్లే దారిలో, తాపీ నది ఒడ్డున సర్థాణా నేచర్ పార్క్ ఉంది. సూరత్ మహానగరపాలక సంస్థ నడిపే ఈ జూ 1984లో మొదలైంది. దీనికి పేరు తెచ్చింది నీటికుక్కలు. ఎన్‌క్లోజర్లలో అవి పిల్లల్ని కని పెంచడం అంత తేలిక కాదు, ఇక్కడ అది సాధ్యమైంది. కానీ ఏ జూలో చూసినా సందర్శకుల్లో చాలామంది ఒక జంతువు ముందు ఒకటి రెండు నిమిషాలకు మించి నిలవరు. ఫొటో తీసుకుని ముందుకు సాగిపోతారు. వాళ్లను మరో ఐదు నిమిషాలు ఆపి, కళ్లెదుట ఉన్న ప్రాణి గురించి గుర్తుండిపోయే నాలుగు మాటలు చెప్పే మనిషే జూ ఎడ్యుకేటర్.

ఈ పనికి సూరత్ తెలుగు యువతకు ఒక సహజమైన అర్హత ఉంది. తెలంగాణ నుంచి వలస వచ్చిన చేనేత కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. అక్కడ పెరిగిన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ, మరాఠీ మాట్లాడతారు. వలస కార్మికుల నగరంలో జూకు వచ్చేవాళ్లు కూడా ఈ భాషలవాళ్లే. జంతుశాస్త్రం చదివినవాళ్లు చాలామందే దొరుకుతారు. దాన్ని నాలుగు భాషల్లో సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పగలిగేవాళ్లు అరుదు.

ఏం పని ఉంటుంది?

మేత వేళల్లో కీపర్ పక్కన నిలబడి వివరించడం, బడిపిల్లల బృందాలను తిప్పడం, బోర్డులకు సమాచారం రాయడం, వేసవి శిబిరాలు నడపడం, అక్టోబర్ 2 నుంచి 8 వరకు జరిగే వన్యప్రాణి వారోత్సవాల్లో కార్యక్రమాలు రూపొందించడం. వాలంటీర్లకు శిక్షణ ఇవ్వడం కూడా ఇందులో భాగమే.

ముట్టుకోనివ్వరా?

విదేశీ వీడియోల్లో పులిపిల్లకు పాలు పట్టడం, కొండచిలువను మెడలో వేసుకోవడం చూసి ఈ రంగంలోకి రావాలనుకుంటే ఆ ఆశ ఇక్కడే వదిలేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 38జె ప్రకారం జూలో జంతువులను ఆటపట్టించడం, సందర్శకులు మేత పెట్టడం, అరుపులతో కలవరపెట్టడం నేరం. 1992లో ఏర్పడిన సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు లేనిదే దేశంలో ఏ జూ నడవకూడదు.

దూరం పాటించడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. 2021 మే నెలలో హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో 8 ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్టు తేలింది. మనుషుల జబ్బు మృగాలకూ పాకుతుందని ఆ ఘటనతో అందరికీ తెలిసివచ్చింది. మరో కారణం మన మనసులోనే ఉంది. చికాగోలోని లింకన్ పార్క్ జూ పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. పక్కన మనిషి ఉన్న చింపాంజీ ఫొటో చూసినవాళ్లలో, ఆ జాతికి అడవిలో ఏ లోటూ లేదనీ, ఇంట్లో పెంచుకోవచ్చనీ అనుకునే ధోరణి ఎక్కువని అందులో తేలింది. నీటికుక్కల విషయంలోనూ ఇదే జరిగింది. ఆసియా దేశాల్లో వాటిని ముద్దుచేసే వీడియోలతో పెంపుడు జంతువుల అక్రమ వ్యాపారం పెరిగింది. చివరకు 2019లో, వన్యప్రాణుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం వాటి అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించాల్సి వచ్చింది.

మరి సజీవ ప్రదర్శన అసలు ఉండకూడదా? ఉండొచ్చు, దానికో ప్రయోజనం ఉండాలి. చెన్నై దగ్గరి క్రొకడైల్ బ్యాంకు ఆవరణలో, 1978లో ఏర్పడిన ఇరుల పాములవాళ్ల సహకార సంఘం సభ్యులు పాము నుంచి విషం తీసి సందర్శకులకు చూపిస్తారు. ఆ విషం పాముకాటు మందు తయారీకి వెళుతుంది. చూసినవాళ్లకు పాము మీద భయం పోయి ఎరుక వస్తుంది. అంతా అనుమతితో, అనుభవజ్ఞుల చేతుల మీదుగా జరుగుతుంది. సొంతంగా పాముల్ని పట్టి ఆడించిన రీల్స్ మాత్రం రెజ్యూమెకు పనికిరావు, కేసుకు సాక్ష్యంగా పనికొస్తాయి.

ఐదు నిమిషాల్లో ఏం చెప్పాలి?

ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది ఈ నైపుణ్యమే. నీటికుక్క ముందు నిలబడ్డారనుకోండి. ముందుగా అది ఆ క్షణంలో ఏం చేస్తోందో చూపండి. తర్వాత కాలివేళ్ల మధ్య పొర, చేప కదలికను పసిగట్టే మీసాలు, ఈతలో సాయపడే బల్లపరుపు తోక వైపు చూపు మళ్లించండి. దాన్ని సొంత ఊరికి కలపండి: ఇవి తాపీ పరిసరాల జీవులు, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లోనూ ఉన్నాయి. నదిలో చేప ఉంటేనే ఇవి బతుకుతాయి. చివర ఒక్క పని అప్పగించండి: నదిలో ప్లాస్టిక్ వేయొద్దని చెప్పండి. మొత్తం ప్రసంగంలో లాటిన్ పేరు ఒక్కటీ రాకపోయినా నష్టం లేదు.

ఏం చదవాలి?

జువాలజీ, లైఫ్ సైన్సెస్, ఫారెస్ట్రీ, వెటర్నరీ సైన్స్ ప్రధాన దారులు. సూరత్‌కు దగ్గరలో నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఫారెస్ట్రీ కళాశాల ఉంది. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతిలోని వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పేరున్నవి. పీజీకి డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్) ఉన్నాయి. రెండింటికీ ప్రవేశ పరీక్షలో గట్టి పోటీ ఉంటుంది. కోయంబత్తూరులోని జూ ఔట్‌రీచ్ ఆర్గనైజేషన్ జూ విద్యలో దశాబ్దాలుగా పనిచేస్తోంది.

ముందే తెలుసుకోండి

ఎడ్యుకేటర్ పోస్టులు తక్కువ. ఒప్పంద ఉద్యోగాలు ఎక్కువ. సూరత్ జూ నగరపాలక సంస్థది కాబట్టి దాని ప్రకటనలు గమనించాలి. హైదరాబాద్, విశాఖ, తిరుపతి జూలు అటవీ శాఖవి. అక్కడ క్యురేటర్ కుర్చీ వరకు వెళ్లాలంటే అటవీ సర్వీసు పరీక్ష దారి పట్టాలి. అందుకే ఒక్క జూనే నమ్ముకోకండి. సూరత్‌లోని పాల్ ప్రాంతంలోని జగదీశ్ చంద్ర బోస్ అక్వేరియం, నగరపాలక సంస్థ సైన్స్ సెంటర్, ప్రకృతి శిబిరాలు, ఎకో టూరిజం సంస్థలు, బడులు ఇదే నైపుణ్యాన్ని కోరుకునే చోట్లు.

ఇంటర్ చదువుతున్నా, డిగ్రీలో ఉన్నా ఈ నెలలోనే ఒక పని చేయండి. దగ్గరి జూకు వెళ్లి ఒకే ఎన్‌క్లోజర్ దగ్గర గంటసేపు కూర్చుని చూసింది రాసుకోండి. దాన్ని ఐదు నిమిషాల ప్రసంగంగా మలిచి, తెలుగులోనూ మరో భాషలోనూ మీ వీధి పిల్లలకు చెప్పండి. ఆ నోట్సుతో జూ అధికారిని కలిసి వాలంటీర్‌గా అవకాశం అడగండి. పోస్టు పడే నాటికి అనుభవం చేతిలో ఉన్నవాళ్లే ముందుంటారు.