చెప్పినా తరగని సరుకు

పిల్లలూ! మీరు వామనగుంటలు ఆడే ఉంటారు. మీ గుంటలోని చింతపిక్కలు నాలుగు ఎదుటివాళ్ళ గుంటలోకి పోయాయంటే మీకు నాలుగు తగ్గినట్టే. ఇప్పుడు పొడుపుకథల సంగతి చూడండి. మీకొకటి తెలుసు, మీ స్నేహితురాలికి ఇంకొకటి తెలుసు. మీది ఆమెకు చెప్పారు, ఆమెది మీరు విన్నారు. ఇప్పుడు ఇద్దరి దగ్గరా రెండేసి పొడుపుకథలున్నాయి. ఎవరికీ ఏమీ తగ్గలేదు! చింతపిక్కలకూ పొడుపుకథలకూ ఉన్న ఈ తేడాయే ఈ నెల మన పాఠం.

దేశాల మధ్య కూడా ఈ రెండు రకాల ఇచ్చిపుచ్చుకోవడాలూ ఉన్నాయి. కడప జిల్లాలో, పులివెందులకు దగ్గరగా, వేముల మండలంలో తుమ్మలపల్లె అనే ఊరుంది. అక్కడ నేల కింద యురేనియం ఖనిజం ఉంది. దాన్ని రాతిలోంచి వేరు చేయడం వెనుక, దేశాలు ఒకరికొకరు నేర్పుకున్న విద్యల కథా, నేర్పమని మొండికేసిన కథా కూడా ఉన్నాయి. అది తెలియాలంటే ముందు ఒక ఆట ఆడాలి.

1991లో అమెరికాలో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ అనే ఇద్దరు 'సివిలైజేషన్' అనే కంప్యూటర్ ఆటను తయారు చేశారు. చదరంగంలాగే ఇదీ వంతులవారీ ఆట. మీ వంతు అయ్యాక ఎదుటివాడి వంతు; ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం. మీకొక చిన్న రాజ్యం ఉంటుంది. మొదట్లో మీకు ఏ విద్యా సరిగా రాదు. కుండలు చేయడం, లోహం కరిగించడం, అక్షరాలు రాయడం ఒక్కొక్కటిగా కనిపెట్టుకుంటూ పోవాలి. పక్క రాజ్యాలు కనిపించినప్పుడు రాయబారం నడిపి, వాళ్ళ విద్య మీరూ మీ విద్య వాళ్ళూ తీసుకోవచ్చు. 2005లో వచ్చిన నాలుగో 'సివిలైజేషన్'లో అక్షరమాల కనిపెట్టాక గాని ఈ బేరం మొదలుకాదు. అక్షరాలు రానివాడు విద్యను అమ్మలేడన్నమాట!

కంప్యూటర్ లేకపోయినా ఫరవాలేదు. అట్టముక్కలతో మనమే ఆడదాం. నలుగురు కూర్చోండి. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు రాజ్యాలు. కుండలు, నేత, ఇనుము, లెక్కలు అని నాలుగు విద్యలు. ఒక్కో విద్య కనిపెట్టడానికి 6 వంతులు పడుతుందనుకోండి. ఎవరితోనూ మాట్లాడకుండా ఒంటరిగా ఆడేవాడికి నాలుగు విద్యలూ రావడానికి 24 వంతులు కావాలి. అలా కాక నలుగురూ తలా ఒకటి ఎంచుకుని, ఆరో వంతు చివర ఒకరికొకరు చెప్పుకుంటే? అందరికీ నాలుగూ వచ్చేస్తాయి. 18 వంతులు మిగిలిపోయాయి! అదే నలుగురి దగ్గరా తలా ఒక వేరుశనగ మూట ఉండి, వాటిని ఎంతసేపు మార్చుకున్నా, చివరికి ఉండేవి నాలుగు మూటలే. విద్యలైతే నాలుగు పదహారయ్యాయి.

ఇంతేనా, చాలా సులువే అనుకుంటున్నారా? ఆగండి. తూర్పు తన కుండల విద్యను పడమరకు 10 గవ్వలకు అమ్మిందనుకుందాం. పడమర ఊరుకుంటుందా? వెంటనే దక్షిణం దగ్గరకు పోయి అదే విద్యను 5 గవ్వలకు ఇచ్చేస్తుంది. దానికి ఎంత వచ్చినా లాభమే గదా! తర్వాత తూర్పు తీరిగ్గా దక్షిణం వాకిట్లోకి వెళితే, "అది మాకు ముందే వచ్చే!" అంటారు. అందుకే ఈ ఆటలో ఆరితేరినవాళ్ళు కొత్త విద్యను ఒకరికి అమ్మినప్పుడు, అదే వంతులో మిగతావాళ్ళకూ అమ్మేస్తారు. విద్య తరగదు, నిజమే. కాని తెలిసినవాళ్ళు పెరిగేకొద్దీ దాని ధర తరుగుతుంది. ఎదుటివాడు కనిపెడుతున్నదాన్నే మీరూ కనిపెడుతూ కూర్చుంటే ఇద్దరి దగ్గరా మారకానికి పనికివచ్చేది ఏమీ ఉండదు. అందరూ వదిలేసినదాన్ని పట్టుకోవాలి.

ఇంకో చమత్కారం చూడండి. తూర్పుకూ పడమరకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు, మధ్యనున్న మీకు ఇద్దరూ తెలుసు. మీకు వచ్చింది ఇనుము ఒక్కటే. దాన్ని తూర్పుకు చెప్పి కుండలు, పడమరకు చెప్పి నేత నేర్చుకున్నారు. తర్వాత తూర్పు నుంచి వచ్చిన కుండల విద్యను పడమరకూ, పడమర నేతను తూర్పుకూ మళ్ళీ అమ్మవచ్చు. కనిపెట్టింది ఒకటే, బేరాలు నాలుగు! కాబట్టి ఆట మొదట్లో సైన్యం కంటె, పొరుగువాళ్ళను వెతికే బాటసారి ఎక్కువ పనికివస్తాడని నా అభిప్రాయం.

అయితే రాయబారంలో డబ్బు ఒక్కటే ఉండదు. ఒక రాజుకు బద్ధశత్రువైన వాడితో మీరు బేరం చేస్తే ఆ రాజు మీపై అలుగుతాడు. కొన్నిసార్లు ఎంత ఇస్తామన్నా, "మీరు మరీ ముందుకు పోతున్నారు, మేం చెప్పం" అంటారు. అప్పుడు మీరే కనిపెట్టుకోవాలి. ఇక్కడ ఆట తయారు చేసినవాళ్ళు ఒక మంచి నియమం పెట్టారు. మీరు ఎరిగిన రాజ్యాలకు అప్పటికే తెలిసిన విద్యను మీ అంతట మీరు కనిపెట్టుకోవడానికి శ్రమ కొంత తక్కువ పడుతుంది. ఫలానా పని సాధ్యమేనని తెలియడం కూడా సగం తెలివే మరి. ఈ నియమాన్ని గుర్తుంచుకోండి, తుమ్మలపల్లెలో మళ్ళీ దీని పని పడుతుంది.

సరుకు అమ్మి, విద్యను మాత్రం దాచుకోవడం కూడా ఉంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో పూర్వం మూసల్లో ఉక్కు చేసేవారు. పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చి ఆ ఉక్కు ముద్దలను కొనుక్కుపోయేవారు. వాటితో కత్తులు చేసేవారు. ముద్దలైతే దేశాలు దాటాయి గాని చేసే నేర్పు కొలిమి దగ్గరే ఉండిపోయింది. 1820 ప్రాంతంలో లండన్‌లో మైకేల్ ఫారడే (ఆయన కమ్మరి కొడుకు!) మన దేశపు ఈ రకం ఉక్కును పరీక్షించి, దాని గొప్పతనం అల్యూమినియం, సిలికాల వల్ల వచ్చిందని ఊహించాడు. అసలు కారణం అందులోని ఎక్కువ కర్బనం. ఫారడే అంతటివాడు ముద్దను చేతిలో పట్టుకుని చూసినా విద్య చిక్కలేదు.

ఇప్పుడు నిజం ఆటలోకి వద్దాం. అణువిద్యుత్తు కోసం మన దేశం కెనడాతో ఒప్పందం చేసుకుని రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో రియాక్టర్లు కట్టసాగింది. మొదటిది 1972లో పని మొదలుపెట్టింది. రెండోది సగంలో ఉండగా, 1974 మే 18న మన దేశం పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిపింది. అందులో వాడిన ప్లుటోనియం, కెనడా సహాయంతో ట్రాంబేలో కట్టిన పరిశోధన రియాక్టరు నుంచి వచ్చింది. శాంతి కోసమని ఇచ్చినదాన్ని ఇలా వాడారేమని కెనడాకు కోపం వచ్చింది. ఇది శాంతియుత పరీక్షే అన్నది మన జవాబు. ఎవరి మాట ఎలా ఉన్నా, కెనడా సహాయం ఆపేసింది. మరుసటి ఏడు కొన్ని దేశాలు లండన్‌లో కూడి, అణు సరుకులు ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో నిర్ణయించే బృందంగా ఏర్పడ్డాయి.

కెనడా నిపుణులు పోయినా, నేర్పిన విద్య మన ఇంజనీర్ల బుర్రల్లోంచి పోలేదు చూశారా! రావత్‌భాటా రెండో రియాక్టరును 1981 నాటికి మనవాళ్ళే పూర్తి చేశారు. తర్వాత మద్రాసు దగ్గర కల్పాక్కంలోనూ అదే రకం కట్టారు. చింతపిక్కలైతే తిరిగి లాక్కోవచ్చు. చెప్పిన పొడుపుకథను వెనక్కి తీసుకోలేరు. కాని యురేనియం విద్య కాదు, చింతపిక్కల వంటిదే. వాడితే అయిపోతుంది. అమ్మేవాళ్ళు చాలామంది తలుపు మూశారు కనుక, నేలలో ఉన్నదాన్నే తీసుకోవాలి.

జార్ఖండ్‌లోని జాదుగూడ గనిలో 1960ల నుంచే యురేనియం తీస్తున్నారు. అక్కడి పద్ధతి ఏమిటంటే, రాతిని పొడి చేసి గంధకామ్లంలో కలిపితే యురేనియం ఆమ్లంలో కరిగి వచ్చేస్తుంది. 1980లలో అణుఖనిజ శాఖ శాస్త్రజ్ఞులు తుమ్మలపల్లె ప్రాంతంలో యురేనియం ఉన్న పొరను గుర్తించారు. మరి జాదుగూడ విద్యనే ఇక్కడికి తేవచ్చు కదా? తేలేరు. ఎందుకో మీ ఇంట్లోనే తెలుస్తుంది. కడప బండ మీద నిమ్మరసం చుక్క వేసి కాసేపటికి తుడవండి (అమ్మకు చెప్పి, మూల ఉన్న బండ మీదే సుమా!). నునుపు పోయి మచ్చ పడుతుంది. ఆ బండ సున్నపురాయి. ఆమ్లం తగిలితే బొగ్గుపులుసు వాయువును వదులుతూ కరిగిపోతుంది. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది డోలోమైటు రాతిలో. అది సున్నపురాయికి చుట్టం. కాల్షియం, మెగ్నీషియం కార్బొనేటు. దాదాపు 200 కోట్ల ఏళ్ళనాటి సముద్రం అడుగున ఏర్పడినది.

ఒక లెక్క వేద్దాం. ఒక టన్ను డోలోమైటు పూర్తిగా కరగాలంటే సుమారు ఒక టన్ను గంధకామ్లం కావాలి. ఆ టన్ను రాతిలో ఉన్న యురేనియం ఆక్సైడు ఎంత? 400 గ్రాముల ప్రాంతం! అరకిలో కూడా లేని దానికోసం టన్ను ఆమ్లాన్ని రాయే తాగేస్తుంది. ఎవరైనా ఒప్పుకుంటారా?

అందుచేత ఆమ్లం వదిలి క్షారం పట్టారు. సోడియం కార్బొనేటు (చాకలి సోడా), సోడియం బైకార్బొనేటు (వంట సోడా) కలిపిన నీళ్ళలో రాతిపొడి వేస్తారు. డోలోమైటు తానే కార్బొనేటు కనుక ఈ నీళ్ళకు చలించదు. యురేనియం మాత్రం ఆక్సిజన్ తగిలితే మారి, కార్బొనేటుతో జతకట్టి నీళ్ళలోకి వస్తుంది. అయితే రాతిలో చాలా సన్నగా పొదిగి ఉన్న యురేనియం తొందరగా బయటికి రాదు. ప్రెషర్ కుక్కర్‌లో పప్పు ఎలా ఉడుకుతుందో మీకు తెలుసు. అలాగే మూసిన పెద్ద పాత్రల్లో ఒత్తిడితో ఆక్సిజన్ ఎక్కించి, నీళ్ళు మరిగే వేడి కంటె ఎక్కువ వేడిలో ఉంచుతారు. తర్వాత ఆ ద్రవాన్ని వడకట్టి కాస్టిక్ సోడా కలిపితే పసుపుపచ్చని పొడి అడుక్కు దిగుతుంది. దాని పేరు సోడియం డైయురేనేటు.

ఈ విద్య లోకంలో కొత్తది కాదు. కెనడాలోనే బీవర్‌లాడ్జ్ అనే చోట 1950లలో క్షారంతో యురేనియం తీశారు. పుస్తకాల్లో రసాయన సమీకరణాలున్నాయి. ఆటలోని నియమం గుర్తుందా? ఇతరులకు తెలిసిన విద్యను కనిపెట్టుకోవడానికి శ్రమ కొంత తక్కువ. కొంతే! రాతిని ఎంత మెత్తగా నూరాలి, ఎంత వేడి, ఎన్ని గంటలు, వాడిన సోడాను మళ్ళీ ఎలా రాబట్టుకోవాలి — ఇవన్నీ తుమ్మలపల్లె రాయినే అడిగి తెలుసుకోవాలి. ఎక్కడి రాయి స్వభావం అక్కడిది కదా! ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రమూ, అణుఖనిజ శాఖా, యురేనియం కార్పొరేషనూ కలిసి ఏళ్ళ తరబడి ముందు చిన్న పాత్రల్లో, తర్వాత పెద్ద పాత్రల్లో పరీక్షించి ఆ లెక్కలు తేల్చాయి. 2007లో శంకుస్థాపన జరిగింది. రోజుకు 3,000 టన్నుల రాతిని తీసుకునే కర్మాగారం 2012లో ప్రారంభమయింది. మన దేశంలో ఇలా క్షారంతో యురేనియం తీసే కర్మాగారం ఇదే మొదటిది.

ఈలోగా రాయబారం కూడా ఫలించింది. 2008 సెప్టెంబరు 6న, సరఫరా దేశాల బృందం మన దేశానికి మినహాయింపు ఇచ్చింది. అంతకుముందు యురేనియం చాలక మన రియాక్టర్లు దాదాపు సగం శక్తితోనే నడిచేవి. ఆ తర్వాత ఫ్రాన్సు, రష్యా, కజఖ్‌స్థాన్‌ల నుంచి యురేనియం రాసాగింది. మరి తుమ్మలపల్లె ఎందుకు అంటారా? బయటినుంచి కొన్నదాన్ని అంతర్జాతీయ తనిఖీలకు ఒప్పుకున్న రియాక్టర్లలోనే వాడాలన్నది షరతు. సొంత నేలలోనిదానికి ఆ షరతు లేదు.

ఇక ఊరి సంగతి. రోజుకు 3,000 టన్నుల రాయి లోపలికి పోతే అందులో యురేనియం ఆక్సైడు ఎంత ఉంటుందో మీరే గుణించండి: 1,200 కిలోలు. మిగిలిన రాయంతా పిండిగా, రసాయనాలతో కలిసి బయటికి వస్తుంది. దాన్ని గొట్టాల ద్వారా కొట్టాల గ్రామం దగ్గరున్న పెద్ద మడుగులోకి పంపుతారు. ఆ నీరు భూమిలోకి ఇంకి తమ బోర్లు పాడవుతున్నాయనీ, అరటితోటలు దెబ్బతింటున్నాయనీ చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది. మడుగును నియమాల ప్రకారమే కట్టామని గనివారి జవాబు. తాగే నీళ్ళలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక హద్దు పెట్టింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షవ వంతు. అంత కొద్దిదాన్ని కొలిచే పరికరాలు మన దేశంలోనే తయారవుతున్నాయి, ఆ పద్ధతి రహస్యమూ కాదు. వర్షాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి బోర్లన్నిటి నీళ్ళూ కొలిచి, వచ్చిన అంకెలను పంచాయతీ ఆఫీసు గోడ మీద రాసి ఉంచితే బాగుంటుందని నాకనిపిస్తుంది.