దక్షిణ గంగోత్రి : మంచు కింద మన తొలి ఇల్లు



వార్షికోత్సవ సంచికకు సైన్సు మీద ఏదైనా ఒక పాఠం రాసి పంపమని వార్డెన్ సార్ కబురు చేశారు. మేము ఎం.ఎస్సీ.లో చదువుతున్నది భూగర్భశాస్త్రం. కాబట్టి రాళ్ల గురించి రాస్తామని అందరూ అనుకుని ఉంటారు. కాని మంచు గురించి రాస్తున్నాం. మే నెలలో 44 డిగ్రీల ఎండకు గదిలో కూర్చోలేక వేపచెట్టు కిందికి పుస్తకాలు మోసుకుపోయే గద్వాల పిల్లలకు మంచుతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది.

ముందుగా అంటార్కిటికా అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. భూమికి అడుగున, దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న ఖండం ఇది. విస్తీర్ణం సుమారు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశానికి నాలుగు రెట్ల కంటే ఎక్కువ. అందులో నూటికి 98 వంతుల నేల మంచు కిందనే ఉంది. ఆ మంచు మందం సగటున రెండు కిలోమీటర్లకు దగ్గర. 1983 జూలై 21న అక్కడి వోస్తోక్ అనే రష్యన్ స్టేషన్‌లో సున్నాకు కింద 89.2 డిగ్రీలు నమోదయింది. అక్కడ ఊరు లేదు, పంట లేదు, ఏ దేశానికీ హక్కు పత్రం లేదు. 1959లో కుదిరిన అంటార్కిటికా ఒప్పందం ప్రకారం అది శాంతికి, శాస్త్ర పరిశోధనకు మాత్రమే. ఆ ఒప్పందంలో మన దేశం 1983లో చేరింది.

తొలి ప్రయాణం

1981 డిసెంబరు 6న గోవా రేవు నుండి 'పోలార్ సర్కిల్' అనే నార్వే ఓడలో 21 మంది భారతీయులు బయలుదేరారు. నాయకుడు డాక్టర్ ఎస్.జడ్. ఖాసిం. 1982 జనవరి 9న వాళ్లు మంచు నేల మీద కాలు పెట్టారు. అంతకు ముందు కూడా కొందరు భారతీయులు వేరే దేశాల బృందాలతో వెళ్లారు గాని, మన జెండాతో మన బృందం వెళ్లడం అదే మొదలు.

మూడో యాత్ర 1983-84లో జరిగింది. దానికి నాయకత్వం వహించిన హర్ష్ కె. గుప్తా గారు తరువాతి కాలంలో మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు, అంటే ఉప్పల్ దగ్గర ఉన్న ఎన్.జి.ఆర్.ఐ.కి డైరెక్టరుగా పనిచేశారు. సుదీప్తా సేన్‌గుప్తా, అదితీ పంత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ యాత్రలోనే వెళ్లి, అంటార్కిటికాలో అడుగు పెట్టిన తొలి భారతీయ మహిళలయ్యారు. సుదీప్తా గారు భూగర్భశాస్త్రం వారు. (మా క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు అమ్మాయిలు చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాము.) అక్కడి వేసవి చాలా చిన్నది. ఆ ఒక్క వేసవిలోనే ఈ బృందం ఏడాది పొడవునా మనుషులు ఉండగలిగే ఇల్లు కట్టింది. దాని పేరు దక్షిణ గంగోత్రి. 1984లో అక్కడ ఒక పోస్టాఫీసు కూడా పెట్టారు.

ఇల్లు మునిగింది

దక్షిణ గంగోత్రిని నేల మీద కట్టలేదు. సముద్రం మీదికి చొచ్చుకు వచ్చిన మంచు పలక మీద కట్టారు. అక్కడ కురిసిన మంచు కరగదు, పేరుకుంటుంది. ఒక ఏడు గడపదాకా, మరో ఏడు కిటికీ దాకా అన్నట్టు ఇల్లు మెల్లమెల్లగా మంచులోకి దిగబడిపోయింది. 1990లో దాన్ని వదిలేశారు. అప్పటికే 1989లో, అక్కడికి దూరంగా షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతి నేల మీద 'మైత్రి' స్టేషన్ సిద్ధమయింది. ఈసారి తెలివిగా కాళ్ల మీద నిలబెట్టి కట్టారు, గాలికి కొట్టుకొచ్చిన మంచు అడుగునుంచి పోతుంది. మా వైపు పొలాల్లో మంచెలు వేసినట్టే. 2012లో మూడోది, 'భారతి', లార్సెమాన్ కొండల్లో మొదలయింది. 134 ఓడ కంటెయినర్లను పేర్చి దాన్ని కట్టారు. మైత్రికి, భారతికి మధ్య దూరం సుమారు 3000 కిలోమీటర్లు.

మునిగిన ఇల్లు అంటే మనకు కొత్త కాదు. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున ఎన్నో ఊళ్లు నీళ్లలో కలిశాయి. కొల్లాపూర్ వైపు మిత్రుల ఇళ్లలో ముసలివాళ్లను అడిగితే ఇంకా చెబుతారు. అప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో తిరిగి నిలబెట్టారు. జటప్రోలు గుళ్లను కూడా అలాగే తరలించారు. గుళ్లు బయటపడ్డాయి, చాలా సంతోషం. ఇళ్లకు మాత్రం ఎవరూ అంకెలు వేయలేదు. ఏది కాపాడాలి, ఏది వదలాలి అన్నది అంటార్కిటికాలోనూ ఇదే తీరుగా వచ్చిన ప్రశ్న.

అంటార్కిటికా ఒప్పందం కింద 'చారిత్రక స్థలాలు, స్మారకాలు' అని ఒక పట్టిక ఉంది. అందులో చేరిన వస్తువును ఎవరూ పాడుచేయకూడదు, తీసుకుపోకూడదు. ఆ పట్టికలో 44వది మనది. తొలి యాత్రలో వెళ్లినవాళ్ల పేర్లు చెక్కిన ఫలకం. 78వది కూడా మనదే. తొమ్మిదో యాత్రలో, 1990 జనవరి 8న, హంబోల్ట్ పర్వతాల్లో గుడారాలు వేసుకుని పనిచేస్తున్న నలుగురు ఒక ప్రమాదంలో చనిపోయారు. ముగ్గురు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్తలు, ఒకరు నౌకాదళానికి చెందిన సమాచార సాంకేతికుడు. ఆ చోటిని 'ఇండియా పాయింట్' అంటారు. అక్కడ వాళ్ల జ్ఞాపక ఫలకం ఉంది. జియాలజీ చదివే మాకు ఈ సంగతి రెండో సెమిస్టరులో తెలిసింది. ఆ రోజు ఫీల్డ్ వర్కుకు సుత్తి, దిక్సూచి సర్దుకుంటూ చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

వంద ఏళ్ల కేకు

ఇతర దేశాల వాళ్లు తమ తొలి ఇళ్లను ఎలా చూసుకుంటున్నారో కొంచెం చెప్పాలి. దక్షిణ ధ్రువాన్ని మొదట చేరినవాడు నార్వేకు చెందిన అముండ్‌సెన్, 1911 డిసెంబరు 14న. ఇంగ్లండుకు చెందిన స్కాట్ బృందం 1912 జనవరి 17న చేరింది, కాని తిరిగి వస్తూ దారిలోనే అందరూ చనిపోయారు. స్కాట్ 1911లో కట్టించిన చెక్క ఇల్లు కేప్ ఎవాన్స్ అనే చోట నేటికీ నిలబడి ఉంది. న్యూజిలాండ్‌కు చెందిన అంటార్కిటిక్ హెరిటేజ్ ట్రస్టు దానిని, ఇంకా షాకిల్టన్ 1908లో కట్టిన ఇంటిని, అంతకంటే పాతదైన కేప్ అడేర్ ఇంటిని బాగుచేసే పని పెట్టుకుంది. ఒక్కొక్క డబ్బా, ఒక్కొక్క సాక్సు తీసి, తుప్పు ఆపి, మళ్లీ ఉన్న చోటనే పెడతారు. 2017లో కేప్ అడేర్‌లో రేకు డబ్బాలో ఒక పండ్ల కేకు దొరికింది. వంద ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. మన మెస్సులో ఆదివారం కేకు అయితే నిమిషం నిలవదు!

కేకు కన్నా మమ్మల్ని ఆపిన సంగతి మరొకటి ఉంది. 2013లో స్కాట్ ఇంట్లోని ఫొటోలు కడిగే చీకటి గదిలో 22 నెగెటివులు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దగా దొరికాయి. ఒక్కొక్కటే విడదీసి కడిగితే, 1914-17 మధ్య అక్కడ చిక్కుకుపోయిన షాకిల్టన్ మనుషుల ఫొటోలు బయటికి వచ్చాయి. నూరేళ్లు మంచు దాచి ఇచ్చింది.

మన దేశపు జాడ కూడా ఆ కథలో ఉంది. స్కాట్‌ను వెదకడానికి వెళ్లిన బృందం 1912 నవంబరు 12న అతని గుడారాన్ని కనుగొన్నది. ఆ బృందపు సామాను మోసింది ఇండియా నుండి ఓడలో పంపిన ఏడు కంచర గాడిదలు. వాటి పేర్లు లాల్ ఖాన్, గులాబ్, బేగం, రాణీ, అబ్దుల్లా, ప్యారీ, ఖాన్ సాహెబ్. వాటిని సాకి, మచ్చిక చేసి ఓడ ఎక్కించిన సిపాయిల పేర్లు మాత్రం మేము చదివిన ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

షాద్‌నగర్ దాకా

గద్వాల నుండి కాచిగూడ రైలెక్కినా, వనపర్తి నుండి హైదరాబాదు బస్సెక్కినా షాద్‌నగర్ దాటకుండా పోలేము. అక్కడ జాతీయ దూర సంవేదన కేంద్రం, అంటే ఎన్.ఆర్.ఎస్.సి. వారి పెద్ద పెద్ద గిన్నె యాంటెన్నాలు ఉన్నాయి. మన దూర సంవేదన ఉపగ్రహాలు ఉత్తర దక్షిణాలుగా ధ్రువాల మీదుగా తిరుగుతాయి, రోజుకు దాదాపు 14 చుట్లు. కింద భూమి కూడా తిరుగుతూ ఉంటుంది కనుక షాద్‌నగర్ నెత్తి మీదుగా ఆ చుట్లలో కొన్నే పోతాయి. ధ్రువం దగ్గర కూర్చున్నవాడికి చాలా చుట్లు కనబడతాయి. రోడ్డు మధ్యలో ఒక ఊరి దగ్గర నిలబడితే కొన్ని బస్సులే ఎక్కగలం, అదే బస్టాండులో ఉంటే అన్నీ దొరుకుతాయి కదా, అలాగన్నమాట. అందుకని 2013లో భారతి స్టేషన్ దగ్గర ఒక యాంటెన్నా పెట్టారు. అక్కడ పట్టిన చిత్రాల సమాచారం మరో ఉపగ్రహం ద్వారా షాద్‌నగర్‌కు వస్తుంది. అంటార్కిటికా గాలి మన రైలు దారి పక్కకు వచ్చి ఆగుతుందని మేము సరదాగా అంటూ ఉంటాము.

సరే, అక్కడికి ఎవరు వెళ్లగలరు? శాస్త్రవేత్తలే కాదు. మన యాత్రలను నడిపేది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. స్టేషన్ నడవాలంటే డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, క్రేన్ ఆపరేటర్, వంటమనిషి, నర్సు, డాక్టరు అందరూ కావాలి. వీటికి ఆ కేంద్రం ప్రకటనలు ఇస్తుంది. కొన్నింటికి ఐ.టి.ఐ.తో పాటు పని అనుభవం ఉంటే చాలు. ఎంపికైనవారికి ఢిల్లీలో వైద్య పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు మీద శిక్షణ ఉంటాయి. ఐ.టి.ఐ.లో చేరి "మాకు చదువు రాలేదు" అని తల దించుకునే తమ్ముళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

మనవంటి పిల్లల్లో అక్కడ నిలబడినవారు కూడా ఉన్నారు. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. 2019 డిసెంబరులో అంటార్కిటికాలోకెల్లా ఎత్తయిన విన్సన్ శిఖరం మీద నిలబడింది.

ఒక పాత రిజిస్టరు

ఇక మా సంగతి ఒకటి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు మాకు ఏడేళ్లు. అలంపూర్, రాజోలి మునిగినాయని పేపర్లో వచ్చింది. మా ఊరు పేపర్లో రాలేదు గాని మా ఇల్లూ మునిగింది. బియ్యం పోయింది, గొర్రెలు పోయినాయి, ట్రంకు పెట్టెలోని కాగితాలు, ఫొటోలు అన్నీ బురద ముద్ద అయినాయి. అందులో మా నాయన చిన్నప్పటి ఒకే ఒక ఫొటో కూడా పోయింది. నెగెటివులు విడదీసి కడిగేవాళ్లు మా ఊరికి ఎవరొస్తారు?

మా నాయన కూడా ఒక హాస్టల్లో చదివాడు. ఎనిమిదిలో మానేసి గుంపు మేస్త్రీ వెంట బొంబాయి పోయాడు. ఆయన ఏయే డ్యాముల మీద, ఏయే బిల్డింగుల మీద పని చేశాడో ఆయనకే పూర్తిగా గుర్తు లేదు. ఎక్కడా ఫలకం లేదు.

నిరుడు ఈ వ్యాసం ఆలోచన ఏమీ లేని రోజుల్లో, వేరే పని మీద ఆ హాస్టలుకు పోయినప్పుడు, సామాను గదిలో బియ్యం బస్తాల వెనుక పాత అడ్మిషన్ రిజిస్టర్లు కనబడ్డాయి. కొన్నింటిని చెదలు తినేసినాయి. 1985 నాటిది మిగిలింది. అందులో ఒక వరుసలో మా నాయన పేరు, ఊరు, ఆరో తరగతి అని నీలం సిరాతో రాసి ఉంది. తండ్రి సంతకం చోట మా తాత వేలిముద్ర. ఆ ఏడు దక్షిణ గంగోత్రిలో కూడా మనవాళ్లు ఉన్నారు, పైన మంచు పేరుకుంటూ ఉండింది.

ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసి నాయనకు చూపించాము. చదవడం వచ్చినా ఆయన చదవలేదు. వేలిముద్ర మీద వేలు పెట్టి, "ఇది మీ తాత వేలే, గొడ్డలి దెబ్బ గీత చూడు" అన్నాడు.

అక్కడి వార్డెన్ గారిని అడిగి ఆ రిజిస్టరును ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇనుప బీరువా మీదికి ఎక్కించి వచ్చాము. దానికి ముందు సంవత్సరాలవి దొరకలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ హాస్టళ్లలో చదివిన అన్నల దగ్గర పాత గ్రూపు ఫొటోలు, మెస్సు లెక్కల పుస్తకాలు, వార్షికోత్సవ కరపత్రాలు ఏవి ఉన్నా వార్షికోత్సవం నాడు తీసుకురండి. ఫొటో వెనుక పేర్లు రాసి తెండి, పెన్సిలుతో రాస్తే మంచిది, తడిసినా పోదు. స్కాన్ చేసి సాయంత్రానికే తిరిగి ఇస్తాము.