పోలీసు నడుముకుండే రివాల్వర్ – దాని కథ, దాని లెక్క

ఈసారి గోడపత్రికలో సైన్సు, సోషల్ రెండూ కలిసిన పాఠం ఒకటి రాస్తున్నాను.

కామారెడ్డిలో గాని, ఎల్లారెడ్డి బస్టాండు కాడ గాని ఎస్సై సారు కనబడితే మన కండ్లు ముందు ఎక్కడికి పోతయి? నడుముకున్న తోలు ఒర మీదికే. మన తండాల్లో పోలీసు జీపు చప్పుడు వింటేనే తలుపు మూసుకునేవాళ్లు ఇంకా ఉన్నరు. తెలియని వస్తువంటే భయం ఎక్కువ. అందుకే తెలుసుకుందాం.

రివాల్వర్ వేరు, పిస్తోలు వేరు

రివాల్వర్ అంటే తిరిగేది అని అర్థం. దాని నడుమ గుండ్రటి సిలిండర్ ఉంటుంది. అందులో సాధారణంగా ఆరు గదులు, గదికొక తూటా. ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ ఒక గది తిరుగుతుంది, వెనుక సుత్తి లేచి పడుతుంది. దీపావళికి మనం రీలు పెట్టి కాల్చే బొమ్మ తుపాకిలో కూడా సుత్తి దెబ్బకే మందు టప్‌మంటది. సూత్రం అదే. పిస్తోలులో సిలిండర్ ఉండదు. తూటాలు పిడి లోపలి మ్యాగజైన్‌లో ఒకదానిమీద ఒకటి ఉంటాయి.

పాతకాలపు గుర్తులు

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో రివాల్వర్‌కు పేటెంట్ పొందాడు. బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ కంపెనీ రివాల్వర్‌ను బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకుంది. మన దేశంలో కూడా అధికారుల నడుముకు అవే ఎక్కాయి. వాటి ప్రత్యేకతలు మూడు:

1. పైన మీట తీస్తే గొట్టం ముందుకు వంగి, మధ్యకు తెరుచుకుంటుంది.
2. అట్లా తెరవగానే నక్షత్రం ఆకారపు ముక్క లేచి, ఖాళీ తొడుగులన్నిటినీ ఒక్కసారే బయటికి తోస్తుంది.
3. పిడి అడుగున రింగు ఉంటుంది. దానికి తాడు కట్టుకుంటే గుర్రం మీద పోయేటప్పుడు జారినా కింద పడదు.

కాన్పూర్ ఆయుధ కర్మాగారంలో తయారైన 0.32 రివాల్వర్‌కు ఈ వెబ్లీ నమూనాయే మూలం. తర్వాత పోలీసులకు 9 మి.మీ. పిస్తోళ్లు వచ్చాయి. బెంగాల్‌లోని ఇషాపూర్‌లో చేసిన 9 మి.మీ. పిస్తోలు మ్యాగజైన్‌లో 13 తూటాలు పడతాయి.

ఆయుధానికి లెక్క ఉంటది

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, మన్యం గిరిజనులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేశారు. దొరికినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. తీసుకున్న ఆయుధాల లెక్క స్టేషన్ రికార్డులో రాసి రాజు సంతకం పెట్టాడని చెబుతారు. పోలీసులు కూడా ఇచ్చిన తూటాలకు, వాడిన తూటాలకు రిజిస్టరులో లెక్క రాయాలి.

అంతకన్నా పెద్ద లెక్క చట్టానిది. అరెస్టుకు ఎదురు తిరిగితే పోలీసులు అవసరమైన బలం వాడవచ్చు. కాని మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష పడే నేరం మోపబడని మనిషి ప్రాణం తీసే హక్కు ఆ సెక్షన్ ఇవ్వదు. ఇది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 46వ సెక్షన్‌లో ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్‌లో ఉంది. సినిమాల్లో హీరో పోలీసు ఎవరినంటే వారిని కాలుస్తడు. చట్టంలో అట్ల లేదు. ఈ సంగతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మకు, బాపుకు చెప్పండి.

ఆలోచించండి

1. 0.38 అంగుళాలు ఎన్ని మిల్లీమీటర్లు? (అంగుళం = 25.4 మి.మీ.)
2. పిడి అడుగున రింగు ఎందుకు?
3. తూటాలకు లెక్క రాయకపోతే ఎవరికి నష్టం?

మూడో ప్రశ్నకు మంచి జవాబు రాసినవారిది వచ్చే నెల ఇదే గోడ మీద అతికిస్తాం.