మైకు సెట్టు సంగతి

అల్లుడూ,

నీ ఉత్తరం అందింది. దానికంటే ముందే మీ అత్త చెవిన ఒక కబురు పడింది. అప్పు చేసి మైకు సెట్టు కొంటున్నావట. నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు, అంతా సువార్త కూటాల గురించే. గుడి దాటి వెళ్ళి ప్రకటించాలన్న తపన ఈ రోజుల్లో ఎంతమంది అయ్యగార్లకుంది? సంతోషమేరా. నా భయమల్లా ఆ మైకుతోనే.

ఎందుకో చెప్తాను. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టారని ప్రతి ఏడూ చెప్పుకుంటాం. అప్పటికి ఆయనకు నలభై తొమ్మిది నిండాయి. భార్య పోయింది, పిల్లలు అమెరికాలో ఉండిపోయారు. ఆ వయసులో కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. నాకు అంతకంటే గొప్పగా తోచేది ఇంకొకటుంది. మధ్యలో అమెరికా వెళ్ళినప్పుడు బాల్టిమోర్‌లో వైద్యం చదువుకుని మరీ తిరిగొచ్చారు. తర్వాత మన పల్నాడులో గురజాల చేరారు. వైద్యుడన్నవాడు ముందు నొప్పి ఎక్కడని అడగాలి, చెప్పిందాకా ఆగాలి. మైకు ఆగుతుందా? దానికి నోరే గానీ చెవులేవీ?

నీ వయసులో నేను, మా ఉపదేశిగారు ఆయన సైకిలు మీదే ఊళ్ళు తిరిగేవాళ్ళం. ఎదురుగాలికి ఆయన తొక్కలేకపోతే నేను తొక్కేవాణ్ణి. ఆ సైకిలుకు బెల్లు లేదు, బ్రేకు ఉందో లేదో దేవుడికే తెలియాలి. ఒకసారి, మిరపకాయల కోతల కాలం. కూలికెళ్ళినవాళ్ళు పొద్దుపోయి గానీ ఇల్లు చేరరు. ఒక ముసలామె మంచం వాల్చి, ఘాటుకు మండుతున్న చేతులు కడుక్కుంటూ, చనిపోయిన కొడుకు గురించి మొదలుపెట్టింది. ఉపదేశిగారు బైబిలు తెరవలేదు. ఆమె చెప్పడం అయ్యేదాకా ఊరికే కూర్చున్నారు. నాకు ఆకలి, విసుగూ. చివరికి ఆమే అడిగింది, ప్రార్థన చేయరా అయ్యా అని. అదే ఇంటి ముందు మీ కొత్త స్పీకరు పెట్టి ఉంటే ఆమె గొంతు ఎవరికి వినపడేది? పరీక్షల పిల్లలుంటారు, పసికందులుంటారు, వేరే మతం ఇరుగుపొరుగూ ఉంటారు. రాత్రి పది తర్వాత మోగించకూడదని చట్టమే ఉంది. పైగా జనరేటరు, దాని డీజిలు, వైర్లు చుట్టే కుర్రాడికి భోజనం!

సరే, తిట్టింది చాలు. దగ్గు తగ్గిందా? గొంతు చించుకునే ప్రసంగం తగ్గిస్తే అదీ తగ్గుతుంది. రాత్రిళ్ళు పెరుగు మానెయ్.

హయ్యర్‌గారి సంగతి ఇంకొకటి. 1869లో రాజమండ్రి మిషను లూథరన్ల చేతి నుంచి ఆంగ్లికన్ల సొసైటీకి పోబోతోందని తెలిసి, పెన్సిల్వేనియా పాస్టర్ల సభలో నేను వెళ్తానని లేచారు. డెబ్బై అయిదు దాటిన మనిషి! అన్నట్టే వచ్చి, కొత్తవాళ్ళకు అప్పజెప్పి 1871లో తిరిగి వెళ్ళారు. అప్పజెప్పి వెళ్ళడం కూడా సేవేరా. నీ సంఘంలో ఇంటింటికీ వెళ్ళే బైబిలు స్త్రీలు ఎంతమంది మిగిలారో రాయి. ఆ మైకు డబ్బుతో ఒకరికి జీతం ఇవ్వొచ్చునేమో పెద్దలతో లెక్క వెయ్యి.

కూటాలు పెట్టు, నేనూ వస్తాను. ముందు వరసలో కుర్చీ వద్దు, ఆ పల్లెలో ఎవరింట్లోనైనా మంచం చాలు. అమ్మాయికి ఏడో నెల కదా, తనను బస్సెక్కించకు. మీ అత్త గోంగూర పచ్చడి కట్టి ఉంచింది, నేనే తెస్తాను.

మీ మామయ్య