బంటుమిల్లిలో చిన్న కాఫీ హోటలు

బాబా బుడన్ అను సూఫీ సాధువు 17వ శతాబ్దములో యెమెన్‌లోని మోఖా రేవు నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలపై నాటెనని ప్రతీతి. నేడు మన అరకు కొండలలోను కాఫీ పండుచున్నది.

చదువు ముగించి బంటుమిల్లిలో కాఫీ హోటలు పెట్టదలచిన విద్యార్థికి మేము మొదట చెప్పునది నీటిని గూర్చి. సముద్రము చేరువ గనుక ఈ ప్రాంతమున భూగర్భజలము పలుచోట్ల ఉప్పన. ఎంత మంచి పొడియైనను ఉప్పునీటి డికాషను రుచింపదు. అద్దె మాట్లాడుటకు ముందే మంచినీటి సంగతి తేల్చుకొనవలెను.

తరువాత లెక్క. కప్పుకు 70 మిల్లీలీటర్ల పాలు, 30 డికాషను అనుకొందము. లీటరు పాలకు 14 కప్పులు. పొంగినది, విరిగినది, స్నేహితులు ఊరక త్రాగినది తీసివేయగా 12 మిగిలిన మేలే! ధర నిర్ణయించవలసినది ఈ పన్నెండును బట్టియే. అద్దె, గ్యాసు, కూలి వీటినుండియే రావలెను.

ఎస్‌ప్రెస్సో యంత్రము సుమారు 9 బార్ల పీడనముతో పనిచేయును. చెడినచో బాగుచేయువాడు దొరుకునా అని విచారింపక దానిని కొనరాదు. రెండు పెద్ద ఇత్తడి ఫిల్టర్లు చాలును. ఒకటి దిగుచుండగా రెండవది వాడవచ్చును. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతమునకు తగ్గరాదని నిబంధన.

2015లో ప్రారంభమైన ముద్రా పథకములో శిశు తరగతి అప్పు 50,000 రూపాయల వరకు. అదంతయు సామానుకే వెచ్చింపరాదు. వరికోతలకు ముందు రైతు చేతిలో పైకము ఆడదు. అరువు పుస్తకము తెరవక తప్పదు. అందులో ఎంతవరకు వ్రాయవచ్చునో, తల్లి నగలు కుదువబెట్టుటకు ముందే నిర్ణయించుకొనవలెను.